అమలమ్మ తీసేసిన ఆరుగురు

ఎలిజబెత్‌కు ఉద్యోగం వచ్చి ఏడాది దాటిందన్న సంగతి ఆమెకు ఆ సోమవారం పొద్దున పదకొండు గంటలకు తెలిసింది.

తెలియజెప్పినవాడు వెంకటసుబ్బారావు. వన్ టౌన్‌లో ఒకప్పుడు మిరపకాయల గోడౌనుగా ఉన్న మేడలో ఆ ఆఫీసు. కింద ప్రభుత్వం వారి ‘చేతినిండా పని’ పథకం, మేడమీద నిరుద్యోగుల కార్డులు. మిరపకాయలు వెళ్లిపోయి ఇరవయ్యేళ్లయినా తొలకరి జల్లు పడగానే అక్కడికి వచ్చిన నిరుద్యోగులందరూ ఇప్పటికీ తుమ్ముతారు. మేడమీద కార్డుల గుమస్తా వెంకటసుబ్బారావు. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉన్న మనిషి కనుక ఎవరికీ భయపడడు, దేనికీ తొందరపడడు. లావుపాటి రిజిస్టరు తిప్పి, ఒక వరస మీద వేలు ఆనించి, కళ్లజోడు పైనుంచి ఆమెను చూశాడు.

“మీ పేరు కొట్టేశారమ్మా. మీరు ఉద్యోగంలో ఉన్నారు.”

“ఎక్కడండీ?”

“ఎలిజబెత్ టైలరింగ్ యూనిట్, ఇబ్రహీంపట్నం. యజమాని మీరే. మీ దగ్గర ఐదుగురు పనిచేస్తున్నారు.”

ఎలిజబెత్ పెళ్లయిన దగ్గరనుంచీ ఇబ్రహీంపట్నంలోనే ఉంటోంది. ఏ సందులో కుళాయి ఎన్నింటికి వస్తుందో, ఎవరింటి కుక్క కరుస్తుందో చెప్పగలదు. తన పేరు పెట్టుకున్న యూనిట్ మాత్రం ఎన్నడూ ఆమె కంటబడలేదు.

ఆమె ఇంటర్మీడియెట్ చదివి, టైపు లోయర్ పాసై, 1988లో ఆ మేడమీదే కార్డు తీసుకుంది. మూడేళ్లకొకసారి ఆ కార్డును రెన్యువల్ చేయించాలి. ఒక్క నెల మరిచిపోయినా పాత తేదీ పోయి కొత్త తేదీ పడుతుంది, క్యూలో అందరికన్నా వెనక్కి వెళ్లాలి. ఎలిజబెత్ మరిచిపోలేదు. ఒకసారి నిండు చూలాలుగా వచ్చి చేయించింది, ఒకసారి టైఫాయిడ్ జ్వరంతో ఆటోలో పడుకుని వచ్చి చేయించింది. పద్నాలుగేళ్లకు, అంటే ఈ 2002లో, ఆమె వంతు వచ్చింది. ఆడపిల్లల హాస్టల్లో అటెండర్ పోస్టు ఒకటి పడింది. సీనియారిటీ ప్రకారం పైనున్న పేర్లతో ఇంటర్వ్యూ జాబితా శుక్రవారం సాయంత్రం ఐదు లోపల పంపాలి. ఉండవలసిన తీరుగా ఉంటే మొదటి పేరు ఎలిజబెత్‌దే. వచ్చే మార్చి దాటితే ఆమెకు వయసు మించిపోతుంది, ఆ తర్వాత కార్డున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

“పైవాళ్లు చీటీ పంపితే పేరు ఎక్కిస్తాను, కిందివాళ్లు చీటీ పంపితే పేరు కొడతాను,” అన్నాడు వెంకటసుబ్బారావు. “కింద గంగాప్రసాద్ గారిని అడగండి.”

మెట్లు దిగుతుంటే ఎలిజబెత్‌కు విషయం కొద్దికొద్దిగా అర్థమైంది.

కిందటేడు ఆ పథకంలో ఆరు నెలల కుట్టు శిక్షణ పొందింది ఆమె. ఇరవైమందితో మొదలైన తరగతి అది. మిషన్లు మూడు, అందులో ఒకదానికి బెల్టు లేదు. మొదటి రెండు నెలలూ సూదిలో దారం ఎక్కించకుండా పాత దినపత్రికల మీద కుట్టించారు, చెయ్యి తిన్నగా పోవడానికి. అది ఎక్కడైనా చేసేదే. తర్వాతి రెండు నెలలూ కూడా పత్రికల మీదే కుట్టారు, గుడ్డ రాలేదు గనుక. ఐదో నెలలో గుడ్డ వచ్చింది. జాకెట్టు చేతుల దాకా నేర్చుకున్నారు. మెడ దాకా రాకముందే కోర్సు పూర్తయింది. చివరికి మిగిలినవాళ్లు ఆరుగురు. ఆఖరిరోజున జీపులో ఒక కొత్త మిషను వచ్చింది, దానికి బంతిపూల దండ వేసి, ఆరుగురినీ దానివెనక నిలబెట్టి ఫొటో తీశారు. పొడుగు మనిషి కనుక ఎలిజబెత్‌ను మధ్యలో నిలబెట్టారు. సర్టిఫికెట్ల కోసమని నాలుగు చోట్ల సంతకాలు పెట్టించుకున్నారు. తర్వాత మిషను దండతో సహా జీపెక్కి నూజివీడు ఫొటోకి వెళ్లిపోయింది.

గంగాప్రసాద్ పథకానికి సహాయ అధికారి. నవ్వు ముఖం, శుభ్రమైన చొక్కా. అందరినీ అమ్మా అని పిలుస్తాడు. ఎలిజబెత్‌ను చూడగానే పుట్టింటి మనిషి వచ్చినంత సంబరపడి, సొరుగులోంచి రంగుల పుస్తకం తీసి పదకొండో పేజీ చూపించాడు. ఆరుగురూ ఉన్నారు. కింద అచ్చయిన అక్షరాలు చెబుతున్నది ఏమంటే, నిన్నటి నిరుద్యోగి ఎలిజబెత్ నేడు మరో ఐదుగురికి అన్నం పెడుతోందని. మధ్యలో నిలబడ్డ మనిషే యజమాని అని ఎవరు తేల్చారని ఆమె అడిగితే, పుస్తకం వేసినవాళ్లు ఫొటో చూసి రాసుకుని ఉంటారని, చూడ్డానికి బాగానే ఉందికదా అని అన్నాడు.

ఆమె కోపం దిగమింగుకుని, యూనిట్ లేదని, ఎన్నడూ లేదని, ఆ ఒక్క వరస కొట్టేస్తే ఆరుగురి కార్డులూ బతుకుతాయని మెల్లగా చెప్పింది. ఆయన అంతకన్నా మెల్లగా, ఆ వరస హైదరాబాదు వెళ్లిపోయిందని, అక్కడ మిగతా జిల్లాల వరసలతో కలిసి మొత్తం అయిపోయిందని, పైకి వెళ్లిన అంకెను కిందికి దించడం తన చేతిలో లేదని చెప్పాడు. అయితే ఎలిజబెత్ గారంటే తనకు గౌరవం కనుక ఒక దారి చూపిస్తానన్నాడు. యాజమాన్య బదిలీ ఫారం ఒకటి ఉంది. ఆమె పేరు తీసి ఆ ఐదుగురిలో ఎవరి పేరైనా యజమానిగా రాస్తే చాలు.

“అప్పుడు యూనిట్ ఉంటుంది, అంకె ఉంటుంది. మీ దారి మీరు చూసుకోవచ్చమ్మా.”

“ఆ పేరు రాసినావిడ దారి?”

“అందరి దారీ ఒకేసారి చూడలేం కదమ్మా.”

ఎలిజబెత్ ఆ రంగుల పుస్తకం మూసి ఆయన వైపు తోసింది. “అయితే మీ ఇంట్లో మేడంగారి పేరు రాయండి. ఆవిడకెలాగూ ఈ కార్డు ఉండదు, పోయేదేం లేదు.”

గంగాప్రసాద్ మొదటిసారి నవ్వు మానేశాడు. “ఆఫీసరు ఇంట్లోవాళ్లు లబ్ధిదారులైతే ఊరుకుంటారా? నా ఉద్యోగం పోతుంది.”

“చూశారా మరి. ఆ లేని పని మీ ఇంట్లోవాళ్లకిస్తే మీ ఉద్యోగం పోతుంది. మాకిస్తే మాది పోయింది. దాన్ని ఉపాధి అని ఎలా అంటున్నారండీ?”

ఆయన ఫారం ఆమె చేతిలో పెట్టి, కంగారు పడవద్దని, ఇంటికి వెళ్లి ఆలోచించుకోమని చెప్పి మరో ఫైలు తెరిచాడు.

ఎలిజబెత్ ఇంటికి వెళ్లలేదు. మళ్లీ మేడెక్కి, కొట్టేసిన పేరు పాత తేదీతో బతకాలంటే ఏం చేయాలో పుస్తకంలో చూసి చెప్పమని వెంకటసుబ్బారావు ముందు కూర్చుంది. ఎవరూ అడగని ప్రశ్న అడిగినందుకు ఆయన సంతోషించినట్టే ఉన్నాడు. అట్టలూడిన రూల్సు పుస్తకం తీసి, ఉమ్మి తగలకుండా పేజీలు తిప్పి చెప్పాడు. పనివాళ్లు తమంతట తాము మానేస్తే కొత్త తేదీ. యజమాని తీసేస్తే పాత తేదీ. యజమానికి ఏ తేదీ లేదు, యూనిట్ మూసేస్తే తనూ మొదటినుంచీ రావలసిందే.

“ఎన్నాళ్లు పనిచేశాక తీసెయ్యాలండీ?”

“అది రాయలేదు.”

ఆమె లేస్తూ, ఈ పథకం వల్ల ఇప్పటిదాకా నిజంగా ఉద్యోగం వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఆయన పైకప్పు వైపు చూసి కాస్త ఆలోచించాడు.

“ఇద్దరున్నారమ్మా. ఒకరు గంగాప్రసాద్ గారు, ఇంకొకరు ఆ జీపు డ్రైవరు.”

మర్నాడు మధ్యాహ్నం కబురందుకుని నాంచారమ్మ, సుధామణి ఇబ్రహీంపట్నం వచ్చారు, ఆ ఐదుగురిలో ఇద్దరు. నాంచారమ్మ బందరు వైపు చేపల వేట కుటుంబం పిల్ల, గన్నవరంలో కాపురం. తొమ్మిదేళ్ల కార్డు. సుధామణి డిగ్రీ చదివి రెండేళ్ల కిందట కార్డు తీసుకుంది. తమ పేర్లూ పోయాయని తెలియగానే నాంచారమ్మ గంగాప్రసాద్‌ను ఏయే చేపలతో పోల్చిందో ఇక్కడ రాయడం బాగుండదు. తాను రోజూ తినే చేపల మీద కూడా ఆమెకు ఆరోజు గౌరవం పోయింది.

ఎలిజబెత్ రూలు విడమరిచి చెప్పింది. యజమాని తీసేస్తే పనివాళ్లందరికీ పాత తేదీలు వస్తాయి. కానీ ఎవరో ఒకరు యజమానిగా మిగిలిపోవాలి. ఇప్పుడు మిగిలింది తను. తను అందర్నీ తీసేస్తే ఐదుగురూ బయటపడతారు, తన పద్నాలుగేళ్లూ పోతాయి.

“నా పేర రాసెయ్యక్కా,” అంది సుధామణి. “నువ్వు నా దగ్గర పనిచేస్తున్నట్టు పెట్టుకుని మిమ్మల్నందర్నీ తీసేస్తా. పోతే నావి రెండేళ్లే.”

ఎలిజబెత్ వద్దనలేదు. వద్దనాలని నోటిదాకా వచ్చింది కానీ మార్చి గుర్తొచ్చింది. ఫారం మడత విప్పింది, పెన్ను మూత తీసింది, సుధామణి ఇంటిపేరు ఎలా రాస్తారని అడిగింది కూడా. రెండక్షరాలు రాశాక ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది. నిన్న గంగాప్రసాద్ ఏ మాట అన్నందుకు ఒళ్లు మండిపోయిందో, ఆ మాట ఇవాళ తన చేత్తోనే రాస్తోంది. వాళ్లు ఆఫీసులో కూర్చుని చేసిన పాపాన్ని ఇంటింటికీ పంచుకునే పని ఆడవాళ్ల మీద పెట్టారన్నమాట. ఆ రెండక్షరాలూ గట్టిగా కొట్టేసింది, కాగితం చిరగడమొక్కటే తక్కువ.

అప్పుడే ఆమె అత్తగారు అమలమ్మ ఖాళీ గంపతో గుమ్మంలోకి వచ్చింది. అరవై రెండేళ్ల అమలమ్మ బస్సుల సెంటర్లో జామకాయలు అమ్ముతుంది. పద్నాలుగో ఏట నెత్తికెత్తుకున్న గంప ఆదివారం చర్చిలో పూజకు తప్ప దించలేదు. కోడలు అన్నేళ్లుగా ఒక అట్టముక్కను పట్టుచీరల మధ్య దాచుకోవడం ఆవిడకు మొదటినుంచీ వింతే.

“ఏంటే, ఫ్యాక్టరీలో మీటింగా?” అంది గంప దించుతూ. సంగతి నిన్ననే విని ఉంది.

ఎలిజబెత్ అత్తగారి వైపు తిరిగింది.

“అత్తా, నీకు కార్డు లేదు కదూ?”

“రేషన్‌దా? నీ మొగుడి దగ్గరుంది.”

“నిరుద్యోగుల కార్డు.”

“నేనెప్పుడు ఖాళీగా ఉన్నానని?”

నాంచారమ్మ ముందు పకాలున నవ్వింది. తర్వాత సుధామణికి అర్థమైంది. అమలమ్మకు మాత్రం మొత్తం రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. మొదటిసారి నవ్వింది. రెండోసారి విన్నాక నవ్వలేదు. చెంగుతో ముఖం తుడుచుకుని, కోడలి పద్నాలుగేళ్లూ వాడి పుస్తకంలో ఒక బొమ్మకి సరిపోయాయా అని అడిగింది. ఫారం ఏదో చూపించమంది. ఏడింటికి ఆటోనగర్ లేతు పనినుంచి వచ్చిన కొడుకు బాలశౌరికి, నేటినుంచీ తాను టైలరింగ్ యూనిట్ పెట్టుకున్నానని, అతని పెళ్లాం తన దగ్గర పనిలో చేరిందని, అన్నం కాస్త ఆలస్యమవుతుందని చెప్పింది.

బుధవారం ఆ ఫారం చూసి గంగాప్రసాద్ మురిసిపోయాడు. అత్తగారు యజమాని, కోడలు ఆవిడ దగ్గర పనిలో. ఆ మాట పుస్తకంలో ఎంత బాగుంటుందో ఆయన కళ్లలోనే కనబడుతోంది. ‘పాత యజమాని ఇకపై’ అన్న చోట ‘యూనిట్‌లో పనివారు’ అని ఎలిజబెత్ రాసింది. ఆ ముక్క ఎందుకో అడగకుండానే ఆయన సంతకం చేసి, మేడమీదికి ఒక ప్రతి పంపించాడు. గురువారం ఎలిజబెత్ వన్ టౌన్‌లోనే ఒక ముద్రల కొట్టులో ‘అమలమ్మ, యజమాని’ అని రబ్బరు స్టాంపు చేయించింది. అత్తగారికి సంతకం రాకపోవడం వల్ల చేయించింది గానీ, ఆ వస్తువు చేతికి వచ్చాక అమలమ్మ ఆగలేదు. ఆ సాయంత్రం ఇబ్రహీంపట్నంలో జామకాయలు కొన్నవాళ్లందరి పొట్లాల మీదా ఆమె యజమాని అని ముద్ర పడింది.

శుక్రవారం మూడు గంటలకు, కబురందిన మిగతా ముగ్గురితో కలిసి, ఏడుగురూ మేడెక్కారు. ఆరు ఉత్తరాలు ఎలిజబెత్ చేతిరాత, కింద అమలమ్మ ముద్ర. యూనిట్‌లో పని లేనందువల్ల ఫలానావారిని తొలగించడమైనది. వెంకటసుబ్బారావు ఒక్కొక్కటీ పూర్తిగా చదివాడు. ఎలిజబెత్ చేతిలో పాత కార్డు చెమటకు తడిసిపోతోంది. ఆయన ‘కుదరదమ్మా’ అంటే ఇక దారి లేదు, రెండో శుక్రవారం లేదు.

“యజమాని మీరేనా?” అన్నాడాయన అమలమ్మతో.

“నేనే బాబూ.”

“వీళ్లని ఎందుకు తీసేస్తున్నారు? రూలు ప్రకారం అడగాలి.”

“పని చెయ్యలేదయ్యా. ఒక్కతీ ఒక్క జాకెట్టు కుట్టి చూపించలేదు. అందులో ఈ పొడుగావిడకి మెడ కుట్టడం కూడా రాదు.”

వెంకటసుబ్బారావు ముఖంలో ఏ కదలికా లేదు. రిజిస్టరు తెరిచి కొట్టేసిన ఆరు పేర్ల పక్కనా పాత తేదీలు రాశాడు. ఎలిజబెత్ తేదీ రాసేటప్పుడు కలం కాస్త నెమ్మదిగా కదిలింది. తర్వాత హాస్టల్ పోస్టు జాబితా కాగితం తీసి, మొదటి వరసలో ఆమె పేరు రాసి, కవర్లో పెట్టి, ఆమె చూస్తుండగా అంటించాడు.

ఇంతలో గంగాప్రసాద్ మెట్లెక్కి వచ్చాడు. ఎవరో చెప్పినట్టున్నారు. ఈ మూడురోజుల్లో ఆరుగురు కాస్తా సున్నా అయ్యారని, మార్చి లోపల తాను పైవాళ్లకు ఏం చూపించాలని, సాయం చేస్తే ఇలా చేస్తారా అని ఆయన చాలా బాధపడ్డాడు. ఆ బాధ నిజమైనదే. అది చూసి ఎలిజబెత్‌కు అంతవరకూ రానంత కోపం వచ్చింది.

“మా బతుకుల మీద అంకె వేసుకున్నారు, బాగానే ఉంది,” అంది. గొంతు పెంచలేదు గానీ బెంచీ మీది నిరుద్యోగులందరూ తలలెత్తారు. “పద్నాలుగేళ్లు పని లేదని నేను నిజం చెబితే మీ ఆఫీసు నమ్మలేదు. లేని ఉద్యోగంలోంచి మా అత్త నన్ను తీసేసిందని అబద్ధం రాస్తే నమ్మి ముద్రేసింది. నాకు ఇంటర్వ్యూ వచ్చిందండీ. సంతోషంగా లేదు. ఉమ్మెయ్యాలని ఉంది.”

గంగాప్రసాద్ లెక్క వేరే ఉంది. అమలమ్మ వైపు తిరిగి, యూనిట్ ఆవిడ పేరనే ఉందికదా అని, పనివాళ్లు లేకుండా ఎలా నడుపుతారని, కింద పద్నాలుగుమంది కొత్త అమ్మాయిలు శిక్షణలో ఉన్నారని, వాళ్లలో ఆరుగుర్ని ఇప్పుడే పంపిస్తానని మర్యాదగా చెప్పి మెట్లు దిగిపోయాడు. పావుగంట కాలేదు, ఆరు పేర్లున్న చీటీ పైకి వచ్చింది. వెంకటసుబ్బారావు దాన్ని బల్ల మీద పెట్టి, పేపర్ వెయిట్ తెచ్చి పెట్టి, ఇంకా కొట్టలేదన్నట్టు ఎలిజబెత్ వైపు చూశాడు.

ఆమె పని అయిపోయింది. నాలుగున్నరకు ఇబ్రహీంపట్నం బస్సు ఉంది. ఇంటర్వ్యూ సోమవారం, ఇస్త్రీ చేయించుకోవలసిన చీర ఒకటుంది. ఆమె మెట్లు దిగి, గుమ్మం వైపు వెళ్లకుండా, కుట్టు తరగతి గదిలోకి వెళ్లింది. మూడు మిషన్ల చుట్టూ పద్నాలుగుమంది పాత పత్రికల మీద దారం లేకుండా కుడుతున్నారు. చీటీలో చూసిన ఆరు పేర్లూ పిలిచి, ఈ నిమిషం నుంచీ మీరు మా అత్త దగ్గర ఉద్యోగం చేస్తున్నారట, మీ కార్డులు పోకముందు పైకి రండి అని చెప్పింది. ముందు నవ్వారు, తర్వాత చేతుల్లోని కాగితాలు కింద పడేసి పరుగెత్తారు. పిలవని ఎనిమిదిమందీ వాళ్లవెనకే వచ్చారు.

మేడమీద అమలమ్మ బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. సంచీలోంచి స్టాంపు, ఇంకు ప్యాడు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎలిజబెత్ తెల్లకాగితాల దస్తా తీసుకుని పక్కన కూర్చుని మొదటి ఉత్తరం మొదలుపెట్టింది.

“తోసుకోకండమ్మా,” అంది అమలమ్మ. “ఒక్కొక్కరూ వచ్చి పేరు చెప్పండి, తీసేస్తాను.”